పేగుబంధం: వంశవృక్షంలో వ్రాయని కొమ్మలు



పద్యాలూ వ్యాకరణమూ అంటూ వ్రాసుకునే ఈ చోట పెద్దప్రేగు ప్రస్తావన ఏమిటని మీరు విస్తుపోవచ్చు. కాని చుట్టరికాన్ని చెప్పడానికి తెలుగువాడు ఎంచుకున్న అవయవం ప్రేగే కదా! పేగుబంధం అంటాం; పేగు తెంచుకుని పుట్టిన బిడ్డ అంటాం. ఆ పేగు బొడ్డుపేగే కావచ్చు. అయినా, పెద్దప్రేగులో పుట్టే ఒక రకం క్యాన్సరు నిజంగానే పేగుబంధం వెంట తరం నుండి తరానికి నడుస్తుంది. ఆ సంగతిని వైద్యలోకం ఒప్పుకోవడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. ఆ నూరేళ్ళ కథనూ, ఆ కథతో మా కృష్ణగిరి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు కుటుంబాలకు ఉన్న సంబంధాన్నీ ఈ టపాలో చెప్పదలిచాను.

నేను వైద్యుణ్ణి కాను, తెలుగు పండితుణ్ణి. ఇందులో చెప్పిన వయస్సులూ గడువులూ ప్రచురితమైన వైద్యమార్గదర్శకాలలోనివి. ఎవరికి ఏది వర్తిస్తుందో వారిని చూసిన వైద్యులే నిర్ణయించాలి.

కథ 1895లో అమెరికాలోని ఆన్ ఆర్బర్ అనే ఊళ్ళో మొదలవుతుంది. అక్కడి మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే రోగనిర్ధారణ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. కుట్టుపని చేసుకుని బ్రతికే ఒక స్త్రీ మాటల సందర్భంలో ఆయనతో తన దిగులు చెప్పుకున్నది. తన వాళ్ళు చాలామంది జీర్ణకోశంలోనో, ప్రేగులలోనో, గర్భాశయంలోనో క్యాన్సరు వచ్చి పోయారనీ, తానూ ఆ దారినే పోతాననీ ఆమె అన్నది. అప్పటికి ఆమె ఆరోగ్యంగానే ఉంది. తరువాత ఆమె చెప్పినట్లే గర్భాశయ క్యాన్సరుతో చిన్నవయస్సులోనే మరణించింది.

ఆ మాటను వార్తిన్ వినేసి ఊరుకోలేదు. జర్మనీ నుండి వలసవచ్చిన ఆ కుటుంబంలో ఎవరెవరు, ఏ వయస్సులో, ఏ రోగంతో పోయారో ఒక్కొక్కరినే విచారించి వంశవృక్షం గీశాడు. 1913లో ప్రచురించినప్పుడు ఆ కుటుంబానికి ‘జి’ అనే అక్షరం మాత్రమే పేరుగా పెట్టాడు. అయితే క్యాన్సరు వంశపారంపర్యంగా వస్తుందన్న మాట ఆనాటి వైద్యులలో చాలామందికి రుచించలేదు. ఒకే ఇంటి తిండీ ఒకే ఊరి నీళ్ళూ కారణం కావచ్చుననో, కాకతాళీయమనో తోసిపుచ్చారు. వార్తిన్ 1931లో మరణించాడు. ఆయన కాగితాలు బీరువాలో ఉండిపోయాయి.

1962లో ఒమాహాలో హెన్రీ లించ్ అనే యువవైద్యుడికి ఒక రోగి ఎదురయ్యాడు. అతడు విపరీతంగా త్రాగేవాడు. కారణం అడిగితే, ఇంట్లో అందరూ క్యాన్సరుతోనే పోయారు, నేనూ పోయేవాణ్ణే గదా అన్న ధోరణిలో జవాబిచ్చాడు. లించ్ ఆ కుటుంబాన్ని వెదుక్కుంటూ వెళ్ళాడు. 1966లో అటువంటి రెండు కుటుంబాల వృత్తాంతాన్ని సహచరులతో కలిసి ప్రచురించాడు. ఆ తరువాత వార్తిన్ కాగితాలు ఆయన చేతికి వచ్చాయి. 1971లో ‘జి’ కుటుంబపు కథ కొత్త తరాలతో సహా మళ్ళీ వెలుగు చూసింది. ఈసారీ నమ్మినవారు తక్కువే. లించ్ మాత్రం ఇల్లిల్లూ తిరిగి వంశవృక్షాలు గీస్తూనే ఉన్నాడు.

1993లో ఎం.ఎస్.హెచ్-2, 1994లో ఎం.ఎల్.హెచ్-1 అనే జన్యువులు ఈ రోగానికి మూలమని తేలింది. ఎం.ఎస్.హెచ్-6, పి.ఎం.ఎస్-2 అనేవి వాటికి జత చేరాయి. 2000లో ‘జి’ కుటుంబంలోని దోషం కూడా ఎం.ఎస్.హెచ్-2 జన్యువులోనే ఉన్నదని కనుగొన్నారు. కుట్టుపని చేసుకునే స్త్రీ చెప్పిన మాటకు 105 సంవత్సరాల తరువాత శాస్త్రం సాక్ష్యం పలికిందన్నమాట. దీనికి నేడు ‘లించ్ సిండ్రోమ్’ అని పేరు. లించ్ 2019లో కన్నుమూశాడు.

ఈ జన్యువులు చేసే పనిని మనబోటివాళ్ళకు అర్థమయ్యేటట్లు చెప్పాలంటే తాళపత్రాల కాలానికి వెళ్ళాలి. ఒక ప్రతికి మరొక ప్రతి వ్రాసేటప్పుడు లేఖకుడు అక్షరాలు తప్పడం సహజం. అందుకే పరిష్కర్త పక్కన కూర్చుని దిద్దాలి. మన దేహంలోని ప్రతి కణమూ విభజన పొందేముందు తన జన్యులిపికి ప్రతి వ్రాసుకుంటుంది. ఈ జన్యువులు ఆ ప్రతిని దిద్దే పరిష్కర్తలు. ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుగా వస్తుంది, తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి. ఒకటి పుట్టుకతోనే చెడి ఉన్నవారిలో, ఏదో ఒక కణంలో రెండవది కూడా చెడితే ఆ కణంలో దిద్దేవాడే ఉండడు. తప్పుల మీద తప్పులు పేరుకుపోతాయి. పెద్దప్రేగు లోపొర నిరంతరం కొత్తబడుతూ ఉంటుంది కాబట్టి ప్రమాదం అక్కడ ఎక్కువ. స్త్రీలలో గర్భాశయానికీ అంతే. అండాశయం, జీర్ణకోశం, చిన్నప్రేగు, మూత్రనాళాలకు కూడా కొంత ముప్పు ఉంటుంది.

సాధారణంగా పెద్దప్రేగులో మొలిచే చిన్న పాలిప్ క్యాన్సరుగా మారడానికి పదేళ్ళో, అంతకంటే ఎక్కువో పడుతుంది. లించ్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఆ కాలం ఒకటి నుండి మూడేళ్ళకు కుదించుకుపోవచ్చు. పైగా ఆ పాలిప్‌లు ఎక్కువగా కుడివైపు, అంటే ప్రేగు మొదటి భాగంలో, చదునుగా కంటికి ఆనకుండా ఉంటాయి. పరీక్ష తరచుగానూ, జాగ్రత్తగానూ జరగాలనడానికి ఇదే హేతువు.

వంశపారంపర్యంగా వచ్చేది మరొకటి ఉంది. అందులో యౌవనం రాకముందే పాలిప్‌లు మొదలై వందలు, వేలు అవుతాయి. లండనులోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో 1920లలోనే లాక్‌హార్ట్-మమ్మెరీ అటువంటి కుటుంబాల పట్టీ వ్రాయించడం మొదలుపెట్టాడు. దానికి మూలమైన ఎ.పి.సి. జన్యువు 1991లో దొరికింది. అక్కడ పాలిప్‌ల రాశి చూస్తేనే అనుమానం వస్తుంది. లించ్ సిండ్రోమ్‌లో అటువంటి బాహ్యచిహ్నం ఏదీ లేదు. ఆ కుటుంబాన్ని పట్టి ఇవ్వడంలో కుటుంబం చెప్పే కథ చాలా ముఖ్యం.

ఇక పరికరం సంగతి. శరీరం లోపలికి తొంగిచూడాలన్న కోరిక పాతదే. 1806లో ఫ్రాంక్‌ఫర్టులో బోజినీ అనే వైద్యుడు కొవ్వొత్తి వెలుగును గొట్టం ద్వారా లోపలికి పంపే సాధనం చేశాడు. 1868లో కుస్మౌల్ అనే జర్మను వైద్యుడు కత్తులు మింగే గారడీవానిచేత నిలువు గొట్టం మింగించి అతని జీర్ణకోశం చూశాడు. కాని నిలువు గొట్టం మలుపులు తిరగదు. అయిదడుగుల పెద్దప్రేగు మలుపుల పుట్ట. వెలుగు వంగి ప్రయాణిస్తే తప్ప ఆ చీకటి వీడదు.

వెలుగును వంచిన ఘనతలో మన దేశస్థునికి భాగం ఉంది. పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ లండనులో హాప్కిన్స్ వద్ద పరిశోధన చేస్తూ, సన్నని గాజుపోగుల కట్ట ద్వారా బొమ్మను పంపవచ్చునని 1954లో ప్రకటించాడు. ఆ వ్యాసం చదివిన బేసిల్ హిర్షోవిట్జ్ అనే వైద్యుడు వంగే దర్శిని చేయించి, 1957లో మొదట తన గొంతులోకే దించుకుని పరీక్షించాడు. అది జరిగిన ఊరు ఏదో తెలుసునా? ఆన్ ఆర్బరే! కుట్టుపని స్త్రీ తన దిగులు చెప్పుకున్న ఊళ్ళోనే, అరవై ఏళ్ళ తరువాత, ఆ దిగులుకు మందు కాగల సాధనం పుట్టింది. కాని ఒకదానికొకటి చేరడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

1969లో న్యూయార్కులో విలియం వుల్ఫ్, హిరోమీ షిన్యా అనేవారు వంగే దర్శినితో పెద్దప్రేగు పొడుగునా చూడటమే కాక, దాని గుండా తీగ ఉచ్చు పంపి పాలిప్‌ను మెడ దగ్గర బిగించి, విద్యుత్తుతో కోసి తీయడం ఆచరణలోకి తెచ్చారు. అంతవరకు దానికి పొట్ట కోయవలసి వచ్చేది. ఈ ఉచ్చుతో చూసే పరీక్ష ఆపే చికిత్స కూడా అయింది. కొలనోస్కోపీ విలువంతా ఇక్కడే ఉంది. అది రోగాన్ని ముందుగా కనిపెట్టడమే కాదు, రోగం కాబోయేదానిని మొలకలోనే తీసివేస్తుంది. 1983లో గాజుపోగుల స్థానంలో కొనకు చిన్న కెమెరా వచ్చింది. వైద్యుడు తెర మీద చూడసాగాడు.

ఇది వంశదోషం ఉన్నవారికి నిజంగా మేలు చేస్తుందా? ఫిన్లాండు వైద్యులు 22 కుటుంబాలలో ముప్పు ఉన్న 252 మందిని పదిహేనేళ్ళు గమనించి 2000లో ఫలితాలు ప్రకటించారు. మూడేళ్ళకొకసారి పరీక్ష చేయించుకున్నవారు 133 మంది, చేయించుకోనివారు 119 మంది. మొదటివారిలో 8 మందికి, రెండవవారిలో 19 మందికి పెద్దప్రేగు క్యాన్సరు వచ్చింది. దానితో మరణించినవారు మొదటివారిలో ఒక్కరూ లేరు, రెండవవారిలో తొమ్మిదిమంది. మూడేళ్ళ నడుమ కూడా క్యాన్సరు మొలవడం చూసి, తరువాత చాలా దేశాలలో గడువును ఏడాది, రెండేళ్ళకు తగ్గించారు. పరీక్షలు చేయించుకుంటున్నవారికి క్యాన్సరు రానే రాదని కాదు. వచ్చినా తొలిదశలో చిక్కుతుంది, మనిషి బ్రతుకుతాడు.

ఇక చదునైన పాలిప్‌లను పట్టుకోవడం ఎట్లా? ఇక్కడ మన రాయలసీమకు పాత పరిచయమున్న ఒక వస్తువు కథలోకి వస్తుంది. అది నీలిమందు. 19వ శతాబ్దంలో కడప, కర్నూలు సీమలలో నీలిచెట్టు విరివిగా పండేది. నీలిమందు మద్రాసు రేవు నుండి విదేశాలకు వెళ్ళేది. 1897లో జర్మనీలో రసాయనశాలలో చేసిన నీలి అంగడికి రావడంతో ఆ సేద్యం క్షీణించింది. నీలిని గంధకామ్లంలో కరిగిస్తే నీళ్ళలో సులువుగా కలిసే ‘ఇండిగో కార్మైన్’ వస్తుంది. 1970లలో జపాను వైద్యులు ఆ నీలి ద్రావణాన్ని దర్శిని గుండా ప్రేగు గోడ మీద చల్లడం మొదలుపెట్టారు. అది లోపొరకు అంటుకోదు, ఇంకదు. సన్నని గాళ్ళలోకి జారి నిలుస్తుంది. అప్పుడు చదునైన పాలిప్ అంచు, వాన వెలిసిన మడిలో గట్టు కనబడినట్లు కనబడుతుంది.

లించ్ సిండ్రోమ్ ఉన్నవారిలో రంగు చల్లితే అధికంగా పాలిప్‌లు దొరికాయని 2005 ప్రాంతాల అధ్యయనాలు చెప్పాయి. రంగుకు బదులు కాంతినే మార్చి, నీలి, ఆకుపచ్చ కిరణాలతో రక్తనాళాలు స్ఫుటంగా కనిపించేటట్లు చేసే పద్ధతి కూడా అప్పుడే వచ్చింది. తరువాత దర్శినుల చిత్రస్పష్టత బాగా పెరిగింది. 2019లో నెదర్లాండ్స్ నుండి, 2020లో స్పెయిన్ నుండి వెలువడిన అధ్యయనాలలో, స్పష్టమైన కొత్త దర్శినితో అనుభవజ్ఞులు చూసినప్పుడు రంగు చల్లడం వల్ల అదనపు లాభం పెద్దగా కనబడలేదు. పాలిప్‌ను కంప్యూటరే గుర్తించి చూపే పద్ధతులను కూడా ఈ రోగులలో పరీక్షిస్తున్నారు.

ఈ పోటీలన్నీ చివరకు తేల్చేది ఒకటే. ప్రేగు శుభ్రంగా ఉండాలి, దర్శిని మొదటి భాగందాకా చేరాలి, వెనుకకు తీసేటప్పుడు తొందర పడకూడదు. వెనుకకు తీయడానికి ఆరు నిమిషాలకు తగ్గకుండా వెచ్చించిన వైద్యులు ఎక్కువ పాలిప్‌లు పట్టారని 2006లో ఒక అమెరికా అధ్యయనం చూపింది. శుభ్రత మాత్రం రోగి చేతిలో పని. మా పక్క జొన్నరొట్టె, ఆకుకూర లేనిదే పూట గడవదు. పరీక్షకు ముందు వైద్యులు చెప్పినన్ని రోజులు వాటినీ, గింజలున్న పండ్లనూ మానాలి. భేది మందును ముందురోజు సగం, పరీక్ష నాడు సగం చొప్పున, చెప్పిన నీళ్ళతో పూర్తిగా త్రాగాలి. సగం త్రాగి సగం పారబోస్తే, అంత దూరం పోయి చేయించుకున్న పరీక్ష వ్యర్థమవుతుంది.

ఈ విద్య మనకు దూరమైనదేమీ కాదు. హైదరాబాదులో 1994లో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని స్థాపించి, ఎండోస్కోపీలో ప్రపంచమంతటి నుండి శిష్యులను రప్పించిన డి. నాగేశ్వరరెడ్డిగారు ఎం.బి.బి.ఎస్. చదివినది మన కర్నూలు వైద్య కళాశాలలోనే. 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ ఆయనను వరించాయి. అంటే మనకు కొరత దర్శినిది కాదు, దర్శించే చేతిదీ కాదు.

కొరత మరొకచోట ఉంది. మన దేశంలో 2016 నుండి ప్రభుత్వం చేపట్టిన క్యాన్సరు పరీక్షల కార్యక్రమం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం అనే మూడింటికి ఉద్దేశించినది. పెద్దప్రేగు క్యాన్సరు మన దేశంలో పాశ్చాత్య దేశాలకంటే తక్కువ కాబట్టి అది అందులో లేదు. కనుక ఆరోగ్యంగా తిరుగుతున్న ఇరవై అయిదేళ్ళ యువకుణ్ణి కొలనోస్కోపీ గదిదాకా నడిపించగలిగేది తన కుటుంబం గురించి అతనికి తెలిసిన సంగతి మాత్రమే. వైద్యుడు, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నదా అని అడుగుతాడు. మన ఇళ్ళలో ఆ ప్రశ్నకు జవాబు ఉండదు.

ఎందుకు ఉండదో ఆలోచించాను. మనవాళ్ళు వంశాన్ని మరచినవారు కారు. ఏడు తరాల పేర్లు అప్పజెప్పగలరు. కాని ఆ వంశవృక్షం తండ్రి వైపుదే. ఆడపిల్ల మరొక ఇంటికి పోగానే ఆమె ఇంటిపేరు మారుతుంది, గోత్రం మారుతుంది. ఆమె పిల్లలు మన పట్టీలో ఉండరు. జన్యుదోషానికి ఇంటిపేరుతో పని లేదు. కొడుకుకైనా కూతురికైనా సమానంగా సగం పాలు సంక్రమిస్తుంది. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం నెలకొల్పిన నాటి నుండి మగ్గం మీద బ్రతికిన కుటుంబాలకు ఇది సులువుగా బోధపడుతుంది. బట్టలో పడుగు ఎంతో పేకా అంతే. మనం పడుగును మాత్రమే లెక్కపెట్టి బట్ట చూశామనుకుంటున్నాం.

రెండవది, ఆడవారి రోగాన్ని వేరే ఖాతాలో వేయడం. మేనత్త గర్భసంచి క్యాన్సరుతో పోయింది, నాయన ప్రేగు క్యాన్సరుతో పోయాడు అంటే రెండూ వేర్వేరు దురదృష్టాలని అనుకుంటాం. లించ్ కుటుంబాలలో అవి ఒకే తప్పుకు రెండు రూపాలు. 1990లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన వైద్యులు ఒక సూత్రం చెప్పారు. దగ్గరి బంధువులలో ముగ్గురికి, వరుసగా రెండు తరాలలో, కనీసం ఒకరికి యాభై ఏళ్ళలోపు పెద్దప్రేగు క్యాన్సరు వచ్చి ఉంటే అనుమానించాలి. ముగ్గురిలో ఒకరు మిగతా ఇద్దరికీ తల్లిదండ్రులో, తోబుట్టువో, బిడ్డో అయివుండాలి. 1999లో గర్భాశయ క్యాన్సరును కూడా ఆ లెక్కలో చేర్చారు. వార్తిన్‌కు కుట్టుపని స్త్రీ 1895లోనే చేర్చి చెప్పిన మాట అది!

మూడవది, మేనరికం. మేనరికం వల్ల ఈ దోషం కొత్తగా పుట్టదు. కాని ఆ దోషం వంశంలో ఉంటే, మేనమామకూ మేనకోడలికీ, లేదా బావకూ మరదలికీ ఇద్దరికీ ఉండే అవకాశం బయటి సంబంధంలోకంటే ఎక్కువ. అటువంటి దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ రెండు ప్రతులూ చెడినవే రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అది అరుదు. వచ్చినప్పుడు మాత్రం బాల్యంలోనే మెదడుకో, రక్తానికో, ప్రేగులకో క్యాన్సరు తెస్తుంది. మేనరికాలు ఎరిగిన మన సీమలో ఇది తెలిసి ఉండవలసిన విషయం.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి మౌనం. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని సామెత. ఈ జబ్బు విషయంలో ఆ సామెతను మనం అక్షరాలా పాటిస్తున్నాం. క్యాన్సరు ఉన్న ఇల్లని తెలిస్తే ఆడపిల్లకు సంబంధం రాదని భయం. ఆ భయం నిరాధారమైనదని నేను అనను. పెళ్ళిచూపుల నాడు ఏమేమి అడుగుతారో మనకందరికీ తెలుసు. కాని దాచినందువల్ల దోషం ఆగదు, పరీక్ష ఆగుతుంది. ఇంకొక మాట కూడా ఉంది. కుటుంబంలో ఏ జన్యువు ఎక్కడ చెడిందో ఒకసారి తేలితే, మిగిలినవారికి రక్తపరీక్ష చాలు. ఆ దోషం ఉన్న తల్లి లేదా తండ్రి బిడ్డలలో సగటున సగంమందికి అది ఉండదు. వారూ, వారి బిడ్డలూ ఆ భయం నుండి శాశ్వతంగా విముక్తులు. చెప్పుకోవడం వల్ల కలిగే నష్టాన్ని అందరూ లెక్కవేస్తారు, ఈ లాభాన్ని ఎవరూ లెక్కవేయరు.

దోషం ఉన్నవారికి కూడా దారి స్పష్టంగానే ఉంది. ఎం.ఎల్.హెచ్-1, ఎం.ఎస్.హెచ్-2 దోషమైతే ఇరవై, ఇరవై అయిదేళ్ళ నడుమ నుండి, తక్కిన రెండింటికైతే ముప్పై, ముప్పై అయిదేళ్ళ నడుమ నుండి కొలనోస్కోపీ మొదలుపెట్టి, సాధారణంగా ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి చేయించుకోవాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంట్లో ఎవరికైనా మరీ చిన్నవయస్సులో వచ్చి ఉంటే ఇంకా ముందే మొదలుపెట్టాలి. వందల పాలిప్‌ల కుటుంబాలలోనైతే పిల్లలకు పది పన్నెండేళ్ళ ప్రాయం నుండే పరీక్షలు అవసరమవుతాయి.

‘జి’ కుటుంబపు స్త్రీ నూరేళ్ళకు పైగా ఒక అక్షరంగా మిగిలిపోయింది. ఆ వంశంలోనే పుట్టి, అదే దోషాన్ని మోస్తున్న కెనడా రచయిత్రి ఏమీ మెకే 2019లో వ్రాసిన పుస్తకంలో ఆమెను పౌలీన్ అని పేరుపెట్టి చెప్పింది. మన ఇళ్ళలోని పౌలీన్‌లకు అంతకాలం అక్కరలేదు, ఒక నోటుపుస్తకం చాలు. తల్లి వైపు, తండ్రి వైపు మూడు తరాలు, పెళ్ళై వెళ్ళిన ఆడపడుచులతో సహా. ఒక్కొక్కరికీ ఎదురుగా రోగం పేరు, వచ్చిన వయస్సు. పెద్దలు క్యాన్సరు అని చెప్పకపోవచ్చు. ‘రాచపుండు’ అంటారు, ‘కడుపులో గడ్డ’ అంటారు, ‘మొలల జబ్బుతో నెత్తురు పోయి పోయి చనిపోయాడు’ అంటారు. ఆ మాటలను దిద్దకండి, విన్నవి విన్నట్లే వ్రాయండి. వాటి అర్థం వైద్యులు విడదీస్తారు.

ఇటువంటి మాటలు మీ మీ ప్రాంతాలలో ఇంకా ఏమేమి ఉన్నాయో వ్యాఖ్యలలో తెలియజేయగలరు. పదసేకరణ నా పాత అలవాటు. ఈసారి మాత్రం ఆ పట్టీని నిఘంటువు కోసం అడగడం లేదు.